పొరుగు దేశంలో పరిస్థితి కుదురుగా లేనప్పుడు సరుకు పంపడం, స్వయంగా వెళ్లడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం కాయలు కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర చూసుకుని ఢాకాకో కొలంబోకో పంపే చిన్న ఎగుమతిదారును దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. రొయ్యలు పంపే భీమవరం వారికీ, బియ్యం పంపే కాకినాడ వారికీ వీటిలో చాలా భాగం వర్తిస్తుంది. ఏడాదికి కొద్ది కంటైనర్లు మాత్రమే పంపే వ్యాపారికి పెద్ద కంపెనీలకు ఉన్నట్టు న్యాయ సలహాదారులు, విదేశీ మారకపు నిపుణులు ఉండరు. ఆయనకు అండగా ఉండేది ఒక బ్యాంకు శాఖ, ఒక కస్టమ్స్ ఏజెంటు, వాట్సాప్‌లో పలికే కొనుగోలుదారు, అంతే. అక్కడ ప్రభుత్వం పడిపోయినా, కరెన్సీ కుప్పకూలినా, సరిహద్దు మూతపడినా ఇక్కడ కమీషన్ ఏజెంటుకు ఇవ్వవలసిన డబ్బు మాత్రం ఆగదు.

అనిశ్చితి అనగానే మనకు టీవీలో చూసిన మంటలు, లాఠీచార్జీలు గుర్తుకు వస్తాయి. అయితే వ్యాపారిని నిజంగా ముంచేవి తేదీలు. ఎల్‌సీకి (పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీకి) ఒక గడువు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) మీద ఒక తేదీ, బీమాకు ఒకటి, వీసాకు ఒకటి, ఫార్వర్డ్ కాంట్రాక్టుకు (రాబోయే తేదీకి డాలరు రేటును బ్యాంకుతో ముందే ఖాయం చేసుకునే ఒప్పందానికి) మరొకటి ఉంటాయి. అల్లర్లు రెండు వారాల్లో సద్దుమణగవచ్చు గాని, ఆ రెండు వారాల్లో దాటిపోయిన గడువును ఎవరూ వెనక్కి తెచ్చి ఇవ్వరు. కాబట్టి కింద చెప్పే ప్రతి పనిలోనూ మీరు చూసుకోవలసింది ఒక్కటే: తేదీ తప్పితే ఆ నష్టం ఎవరిదన్నది సరుకు లోడు కాకముందే కాగితం మీద తేలిపోవాలి.

1. వీధి కంటే ముందు బ్యాంకును గమనించండి

శ్రీలంకలో గొటబాయ రాజపక్స దేశం విడిచి వెళ్లింది 2022 జూలై 13న. అక్కడి కేంద్ర బ్యాంకు తమ రూపాయిని అదుపు చేయడం మానేసింది మాత్రం అదే ఏడాది మార్చి 7న. అప్పటికి డాలరుకు సుమారు 200 ఉన్న శ్రీలంక రూపాయి మే నాటికి 360 దాకా పడిపోయింది. విదేశీ అప్పుల చెల్లింపును నిలిపివేస్తున్నామని ప్రభుత్వం ఏప్రిల్ 12న ప్రకటించింది. అంటే అధ్యక్ష భవనంలోకి జనం చొరబడడానికి నాలుగు నెలల ముందే, కొలంబో దిగుమతిదారు దగ్గర మన బిల్లు కట్టడానికి డాలర్లు లేవు. బంగ్లాదేశ్‌లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. షేక్ హసీనా రాజీనామా చేసింది 2024 ఆగస్టు 5న. డాలర్ల కొరత వల్ల అక్కడి బ్యాంకులు ఎల్‌సీలు తెరవడానికి వెనకాడడం మాత్రం 2022లోనే మొదలైంది. 2022 ఆరంభంలో డాలరుకు 86 దగ్గర ఉన్న టాకా, 2024 మే 8న అధికారిక లెక్కలోనే ఒక్కరోజులో 110 నుంచి 117కు దిగింది.

కాబట్టి కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందు ఆ దేశపు కేంద్ర బ్యాంకు ప్రకటించే మారకపు రేటును, అక్కడి వ్యాపారులు వాస్తవంగా డాలరుకు పెడుతున్న ధరను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మధ్య దూరం నెలనెలా పెరుగుతూ ఉంటే మీ బిల్లు ఆలస్యం కాబోతోందని అర్థం. ఆ దేశాన్ని మన ఎగుమతి రుణ హామీ సంస్థ ఈసీజీసీ ఏ వర్గంలో ఉంచిందో కూడా చూడండి. ఆ సంస్థ దేశాలను నష్టభయాన్ని బట్టి ఎ1 నుంచి డి వరకు ఏడు వర్గాలుగా విడదీస్తుంది. వర్గం ఒక మెట్టు దిగిందంటే, మీకంటే ఎక్కువ సమాచారం ఉన్నవారు ఏదో గమనించారని అనుకోవాలి.

వీటన్నింటికంటే నేను ఎక్కువగా నమ్మే సూచిక మరొకటి ఉంది. మీరు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (ధర, షరతులతో ముందుగా ఇచ్చే బిల్లు) పంపిన రోజు నుంచి ఎల్‌సీ మీ బ్యాంకుకు చేరే రోజు వరకు ఎంత కాలం పడుతున్నదో ప్రతి ఆర్డరుకూ ఒక పుస్తకంలో రాసుకోండి. ఎప్పుడూ వారంలో వచ్చే ఎల్‌సీ మూడు వారాలు పట్టి, అదీ ఎప్పుడూ వినని బ్యాంకు నుంచి వస్తే, కొనుగోలుదారు ఎంత మంచివాడైనా ఆయన బ్యాంకు దగ్గర డాలర్లు లేవన్నమాట. ఈ లెక్కకు ఏ ఆర్థికవేత్తా అక్కరలేదు.

2. డబ్బు వచ్చే దారిని బిగించండి

ఏళ్ల తరబడి పరిచయం ఉన్న కొనుగోలుదారుకు చాలామంది సరుకు పంపాక డబ్బు తీసుకునే పద్ధతిలోనే అమ్ముతారు. పరిస్థితి బాగున్నంత కాలం అందులో తప్పు లేదు. కుదురు తప్పినప్పుడు మాత్రం ఒక మెట్టు పైకి రండి: అప్పు మీద ఇచ్చేవారు పత్రాలకు ఎదురుగా చెల్లింపు (డబ్బు కట్టాకే బ్యాంకు సరుకు పత్రాలు ఇచ్చే పద్ధతి) అడగండి, పత్రాల మీద అమ్మేవారు ఎల్‌సీ అడగండి, ఎల్‌సీ మీద అమ్మేవారు కొంత అడ్వాన్సు అడగండి. మొహమాటపడి ఊరుకోవద్దు. నిజాయతీ గల దిగుమతిదారుకు తన దేశపు పరిస్థితి మీకంటే బాగా తెలుసు కనుక ఆయన నొచ్చుకోడు.

ఎల్‌సీ చేతిలో ఉంటే నిద్ర పడుతుందని అనుకోవడం కూడా పొరపాటే. అంతర్జాతీయంగా ఎల్‌సీలను నడిపే యూసీపీ 600 నియమావళిలోని 36వ అధికరణాన్ని ఒకసారి మీ బ్యాంకులో అడిగి చదవండి. అల్లర్లు, తిరుగుబాటు, యుద్ధం, సమ్మె వంటి కారణాల వల్ల బ్యాంకు మూతపడితే, ఆ మూతపడిన రోజుల్లో గడువు తీరిన ఎల్‌సీని తిరిగి తెరిచాక కూడా అది చెల్లించనక్కరలేదని ఆ అధికరణం చెబుతుంది. పండుగ సెలవు నాడు గడువు తీరితే మరుసటి పని దినానికి జరుగుతుందన్న 29వ అధికరణపు వెసులుబాటు ఇక్కడ పనిచేయదు. 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో కర్ఫ్యూ విధించి, 21 నుంచి 23 వరకు దేశమంతటా సాధారణ సెలవు ప్రకటించారు. ఆ మూడు రోజుల్లో ఢాకా బ్యాంకు కౌంటరు దగ్గర గడువు తీరే ఎల్‌సీ మీ చేతిలో ఉందనుకోండి. అది మామూలు సెలవా, కల్లోలం వల్ల వచ్చిన మూతా అన్న వాదన మీద మీ డబ్బు వేలాడుతుంది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ఎల్‌సీ ముసాయిదా వచ్చినప్పుడే, గడువు తీరే స్థలం భారతదేశంలోని మీ బ్యాంకు అని ఉండాలని, అవతలి బ్యాంకు కౌంటరు అని ఉండకూడదని పట్టుబట్టండి. చివరి షిప్‌మెంట్ తేదీకీ ఎల్‌సీ గడువుకూ మధ్య కనీసం నెల రోజులు ఉంచమనండి. ఓడ ఎక్కించిన తర్వాత పత్రాలు దాఖలు చేయడానికి 21 రోజులు మాత్రమే ఉంటుందని, అదీ ఎల్‌సీ గడువుకు లోబడి ఉంటుందని మరచిపోవద్దు. మొత్తం పెద్దదైతే మరో దేశంలోని పేరున్న బ్యాంకు చేత ఎల్‌సీకి కన్ఫర్మేషన్ వేయించమనండి. అప్పుడు ఢాకా బ్యాంకు చెల్లించలేకపోయినా కన్ఫర్మ్ చేసిన బ్యాంకు చెల్లించాలి. దానికి రుసుము ఎక్కువే గాని, దాన్ని ధరలో కలపవచ్చు. ఎంత అడిగినా ఏ బ్యాంకూ కన్ఫర్మ్ చేయడానికి ముందుకు రాకపోతే ఆ మౌనమే మీకు సమాధానం.

ఈసీజీసీ పాలసీ తీసుకున్నవారు దానిలో ఏది ఉందో, ఏది లేదో తెలుసుకోవాలి. యుద్ధం, అంతర్యుద్ధం, డాలర్లు బయటికి పంపడంపై ఆంక్షలు, సరుకు బయలుదేరాక ఆ దేశం కొత్తగా విధించిన దిగుమతి నిషేధం, కొనుగోలుదారు దివాలా వంటివి అందులోకి వస్తాయి. సరుకు నాణ్యతపై తగాదా, మారకపు రేటు మార్పు వల్ల నష్టం, కొనుగోలుదారు తీసుకోవలసిన దిగుమతి అనుమతి తీసుకోకపోవడం మాత్రం రావు. కల్లోల సమయంలో డబ్బు కట్టలేని కొనుగోలుదారు తరచుగా ఎత్తుకునే సాకు నాణ్యతే: కాయ రంగు తగ్గిందనో, తేమ ఎక్కువగా ఉందనో, అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) వచ్చిందనో అంటాడు. ఆయన అలా అన్న క్షణం నుంచి మీ క్లెయిము రాజకీయ నష్టం కింద కాకుండా తగాదా కింద నడుస్తుంది. అందుచేత లోడింగ్ రోజున స్వతంత్ర తనిఖీ సంస్థ చేత నమూనా తీయించి, సీలు వేయించి, నివేదిక భద్రపరచుకోవడం కూడా బీమాలో భాగమే అనుకోండి.

ఇన్‌వాయిస్ డాలర్లలో ఉంటే ఫార్వర్డ్ కాంట్రాక్టు తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. డబ్బు ఖచ్చితంగా ఫలానా నెలలో వస్తుందన్న ధీమా ఉన్నప్పుడే తీసుకోండి. డబ్బు రాకుండా కాంట్రాక్టు గడువు వస్తే దాన్ని రద్దు చేయడానికో, పొడిగించడానికో అయ్యే నష్టం మీదే. అనిశ్చిత దేశపు బిల్లుకు మొత్తం విలువ మీద కాకుండా సగం మీద తీసుకోవడం నా దృష్టిలో మధ్యేమార్గం.

3. ధర కంటే ముందు షరతులు రాయించండి

2025 ఆగస్టు అనుభవం ఈ విషయంలో రొయ్యల వ్యాపారులకు బాగా తెలుసు. అమెరికా భారత సరుకులపై ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి అదనంగా మరో 25 శాతం సుంకం వేసింది. రెండో విడతకు ఒక మినహాయింపు ఇచ్చారు: ఆగస్టు 27కు ముందే ఓడలోకి ఎక్కి, సెప్టెంబరు 17కు ముందే అమెరికాలో దిగుమతి ప్రవేశం పూర్తయిన సరుకుకు ఆ అదనపు భారం ఉండదు. వినడానికి ఉదారంగానే ఉంది. అయితే ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 16 వరకు ఉన్నవి 21 రోజులు. విశాఖ నుంచి అమెరికా తూర్పు తీరానికి ఓడ ప్రయాణం నెలకు పైమాటే. చివరి రోజుల్లో పరుగులు తీసి కంటైనర్లు ఎక్కించిన వారికి ఆ మినహాయింపు అక్కరకు రాలేదు, అంతకు చాలా ముందే ఓడ ఎక్కించిన వారికే వచ్చింది. ఇటువంటి ప్రకటన వచ్చినప్పుడు మొదట చూడవలసింది సుంకం శాతం కాదు. ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారు, బిల్ ఆఫ్ లేడింగ్ తేదీనా, రేవుకు చేరిన తేదీనా, కస్టమ్స్‌లో దాఖలైన తేదీనా అన్నది చూడాలి.

సుంకాలు కూడా మేమే కట్టి ఇంటికి చేరుస్తామన్న డీడీపీ షరతుపై అమ్మినవారికి ఆ భారమంతా నెత్తిన పడింది. సరుకు ఓడ ఎక్కించేదాకానే తమ బాధ్యత అన్న ఎఫ్‌ఓబీ షరతు మీద అమ్మినవారికి చట్టరీత్యా పడలేదు గాని, పాత ధరలో కొంత తగ్గించమని ఫోన్లు వచ్చాయి. కాబట్టి ఒప్పందంలో ఈ వాక్యం ఉండేట్టు చూడండి: "ఒప్పందం కుదిరిన తేదీ తర్వాత దిగుమతి దేశం విధించిన కొత్త సుంకాలు, పన్నులు, నిల్వ రుసుములు కొనుగోలుదారువే." ధర ఎన్ని రోజుల వరకు చెల్లుతుందో కూడా రాయండి. కుదురు లేని కాలంలో పది రోజులకు మించి ధర నిలబెట్టడం యార్డు ధరల మీద జూదం ఆడటమే.

అనిశ్చితి ఎప్పుడూ అవతలి దేశం నుంచే వస్తుందని కూడా అనుకోకండి. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది మన ప్రభుత్వమే. ఆ వార్త వినగానే అమెరికాలోని మన తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు ఎలా బారులు తీరారో అందరూ చూశారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28 వరకు తొలగలేదు. కాబట్టి ఒప్పందంలోని అనివార్య పరిస్థితుల నిబంధనలో కొనుగోలుదారు దేశపు నిషేధంతో పాటు భారత ప్రభుత్వపు ఎగుమతి నిషేధం కూడా పేరు పెట్టి చేర్చండి. దేవుడి చర్యలు, ప్రభుత్వ చర్యలు అని రెండు మాటల్లో సరిపెట్టే పాత నమూనాలు కోర్టులో కంటే ముందు బేరంలోనే మిమ్మల్ని నిలబెట్టవు.

4. రెండో దారిని ముందే అడిగి పెట్టుకోండి

బంగ్లాదేశ్‌కు మన మిర్చి లారీల్లో వెళ్లే దారుల్లో పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దు ఒకటి. 2020లో లాక్‌డౌన్ వల్ల ఆ దారి స్తంభించినప్పుడు గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి ఒక ప్రత్యేక పార్శిల్ రైలులో 384 టన్నుల ఎండుమిర్చిని అవతలి సరిహద్దు స్టేషన్ బెనాపోల్‌కు పంపారు. దేశం దాటి వెళ్లిన తొలి ప్రత్యేక పార్శిల్ రైలు అదే. రైల్వే చెప్పిన లెక్క ప్రకారం లారీలో టన్నుకు సుమారు 7,000 రూపాయలు అయ్యే ఖర్చు రైలులో 4,608 అయింది. ఒక్కొక్క వ్యాపారి వేరువేరుగా అడిగితే ఆ రైలు వచ్చేది కాదు. వ్యాపారులు, రైల్వే అధికారులు కూర్చుని సరుకంతా ఒకచోట చేర్చి, ఒక పూర్తి రైలుకు సరిపడా లోడు చూపించాక వచ్చింది. మీ వ్యాపార సంఘంలో ఇటువంటి ఏర్పాటు ఎవరు చూస్తారో పరిస్థితి చెడకముందే తెలుసుకోండి.

దారి మూతపడడానికి అల్లర్లే అక్కరలేదు, ఒక నోటిఫికేషన్ చాలు. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ సరుకు మన రేవులు, విమానాశ్రయాల మీదుగా మూడో దేశాలకు వెళ్లే సౌకర్యాన్ని మన ప్రభుత్వం ఉపసంహరించింది. అదే నెలలో బంగ్లాదేశ్ తన భూ సరిహద్దుల ద్వారా మన నూలు దిగుమతిని ఆపింది. మే 17న మన దేశం బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులను భూమార్గంలో రానివ్వమని, కోల్‌కతా, నవ షేవా ఓడరేవులకే పరిమితమని ప్రకటించింది. ఇవేవీ మిర్చికి తగిలినవి కావు. అయినా లారీలు నిలిచే ఆవరణ అందరికీ ఒకటే కనుక, ఒక సరుకును ఆపితే వెనకున్న సరుకులన్నీ నెమ్మదిస్తాయి.

రెండో దారి కోసం మీ ఫార్వర్డరును (రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటును) నేరుగా ఇలా అడగండి: "పెట్రాపోల్ మూసేస్తే చెన్నై నుంచి బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్ రేవుకు కంటైనరు ఎంత అవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది, బుకింగ్ ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి?" సమాధానం రాతపూర్వకంగా తీసుకుని, ఎల్‌సీలో రేవు పేరు దగ్గర "ఏదైనా భారతీయ ఓడరేవు లేదా భూ కస్టమ్స్ స్టేషన్" అని రాయించండి. ఎల్‌సీలో పెట్రాపోల్ అని మాత్రమే ఉండి మీరు ఓడలో పంపితే, పత్రాలు సరిపోలలేదని బ్యాంకు వెనక్కి కొడుతుంది. సవరణకు కొనుగోలుదారు బ్యాంకు ఒప్పుకోవాలి, ఆ బ్యాంకు మూసి ఉంటుంది.

యూరప్, అమెరికా వైపు పంపేవారు ఎర్రసముద్రపు లెక్క కూడా వేసుకోవాలి. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకుపోయిన తర్వాత పెద్ద ఓడ కంపెనీలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. ప్రయాణం పది నుంచి పద్నాలుగు రోజులు పెరిగింది. ఆ రోజులను కొనుగోలుదారుకు ఇచ్చిన అప్పు గడువులో కలపకపోతే, మీరు ఆయనకు వడ్డీ లేకుండా మరో రెండు వారాలు అప్పు ఇచ్చినట్టే.

5. బీమా పత్రాన్ని చివరి పేజీ దాకా చదవండి

సరుకు బీమాలో అన్నింటికంటే విస్తృతమైనదిగా చెప్పే ఐసీసీ ఎ పాలసీలో కూడా యుద్ధం, సమ్మెలు, అల్లర్లు చేరి ఉండవు. వాటిని యుద్ధ నిబంధన, సమ్మె నిబంధన అనే పేర్లతో విడిగా చేర్పించుకోవాలి. అందులోనూ యుద్ధ నిబంధన సరుకు ఓడలో ఉన్నంత వరకే రక్షణ ఇస్తుంది. రేవులో దిగాక, గోదాములో ఉండగా యుద్ధం వల్ల కలిగే నష్టం దాని కిందికి రాదు. గోదాముకు గుంపు నిప్పుపెడితే పనికొచ్చేది సమ్మె, అల్లర్ల నిబంధన. రెండింటిలో ఏదో ఒకటి తీసుకుని ప్రీమియం మిగుల్చుకోవాలని చూసేవారు ఈ తేడా గమనించాలి. ఉద్రిక్తత పెరిగితే యుద్ధ రక్షణను బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసుతో ఉపసంహరించుకునే హక్కు సాధారణంగా ఓపెన్ పాలసీల్లో (పంపే సరుకులన్నిటికీ కలిపి తీసుకునే పాలసీల్లో) ఉంటుంది కనుక, లోడింగ్‌కు ముందు రోజు రక్షణ అమలులో ఉందని ఈమెయిలులో ధ్రువీకరణ తీసుకోండి.

చాలామందికి తెలియనిది, అన్నింటికంటే ఎక్కువ బాధించేది ఆలస్యానికి సంబంధించిన మినహాయింపు. బీమా చేసిన ప్రమాదం వల్లనే ఆలస్యం జరిగినా, ఆలస్యం మూలంగా వచ్చిన నష్టాన్ని ఈ పాలసీలు చెల్లించవు. వానాకాలంలో సరిహద్దు దగ్గర మూడు వారాలు లారీలో నిలిచిపోయిన మిర్చి టిక్కీల్లో (బస్తాల్లో) తేమ చేరి, కాయ నల్లబడి, బూజు పట్టిందనుకోండి. దారి మూసినది కల్లోలమే అయినా మీకు దక్కేది సున్నా. దీనికి బీమా జవాబు లేదు, ప్యాకింగే జవాబు. కాయ తేమను ఒప్పందం కంటే ఒక శాతం తక్కువకు ఆరబెట్టించండి, కంటైనరులో తేమ పీల్చే సంచులు వేలాడదీయించండి, లారీ అయితే టార్పాలిన్‌ను రెండు పొరలుగా కట్టించండి. జూలై, ఆగస్టుల్లో ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

6. మీరే వెళ్లవలసి వస్తే

ముందుగా వెళ్లడం అవసరమా అని తేల్చుకోండి. బాకీ వసూలుకు వెళ్లాలనుకుంటే, డాలర్లు లేని దేశంలో మీరు కొనుగోలుదారు ఎదుట కూర్చున్నంత మాత్రాన డాలర్లు పుట్టవు. సరుకు రేవులో చిక్కుకుని వేరొకరికి మళ్లించవలసి వచ్చినప్పుడు, కొత్త కొనుగోలుదారు గోదామును కళ్లారా చూడవలసి వచ్చినప్పుడు మాత్రం ప్రయాణానికి అర్థం ఉంటుంది.

వెళ్లాలని నిర్ణయించుకున్నాక మన విదేశాంగ శాఖ సూచనలు చదివి, అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు, హోటలు, తిరుగు ప్రయాణపు వివరాలు నమోదు చేయించండి. ప్రయాణ బీమాను వార్తల్లో గొడవ రాకముందే కొనాలి. అప్పటికే అందరికీ తెలిసిన పరిణామం వల్ల కలిగే నష్టాన్ని చాలా పాలసీలు చెల్లించవు, యుద్ధాన్ని దాదాపు అన్నీ మినహాయిస్తాయి. టికెట్టు విషయంలో రెండు మాటలు. మొత్తం ప్రయాణమంతా ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక కంపెనీ టికెట్టు, అక్కడి నుంచి ముందుకు మరో కంపెనీ టికెట్టు విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఇద్దరూ చేతులెత్తేస్తారు. రెండోది, విమానం నడవదన్న అనుమానం వచ్చినప్పుడు తొందరపడి మీరే రద్దు చేసుకోకండి. కంపెనీ రద్దు చేస్తే డబ్బు వాపసు అడిగే హక్కు మీకు ఉంటుంది, మీరు రద్దు చేస్తే కోత పడుతుంది.

మూడో దేశపు గొడవ కూడా మీ ప్రయాణాన్ని ఆపగలదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా ప్రయాణాలు గంటల కొద్దీ పెరిగాయి. అదే ఏడాది జూన్ 23 రాత్రి ఖతర్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే, దోహా మీదుగా వెళ్లే వేలాది ప్రయాణికులు ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. దోహా, దుబాయ్‌లలో మారే టికెట్టు కొనేటప్పుడు రెండు విమానాల మధ్య గంటన్నర మాత్రమే ఉన్న చౌక టికెట్టును వదిలేయడం మంచిది.

నేపాల్ అనుభవం మరో సంగతి చెబుతుంది. 2025 సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేసింది, 9న ప్రధాని కె.పి.శర్మ ఓలీ రాజీనామా చేశారు, కాఠ్‌మాండూ విమానాశ్రయం మూతపడింది. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు వెళ్లిన మన తెలుగువారు హోటళ్లలో చిక్కుకుపోగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేయవలసి వచ్చింది. బంగ్లాదేశ్‌లో 2024 జూలై 18న ఆగిన ఇంటర్నెట్‌లో మొబైల్ సేవలు 28న గాని తిరిగి రాలేదు. కాబట్టి ఇంటివారి నంబర్లు, రాయబార కార్యాలయపు అత్యవసర నంబరు, హోటలు చిరునామా, తిరుగు టికెట్టు, పాస్‌పోర్టు, వీసా పేజీలు కాగితం మీద ముద్రించి బ్యాగులో ఉంచండి. క్లౌడ్‌లో ఉన్న పత్రం నెట్ లేని రోజున లేనట్టే. కార్డు యంత్రాలు కూడా నెట్ మీదే నడుస్తాయి కనుక కొంత నగదు చిన్న నోట్లుగా ఉండాలి. విదేశీ కరెన్సీ నోట్లను ఒక ప్రయాణానికి మొత్తం 3,000 డాలర్ల విలువ వరకు బ్యాంకు నుంచి తీసుకోవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి.

గొడవ మొదలయ్యాక వీధిలోకి వెళ్లి వీడియోలు తీయడం, అక్కడి రాజకీయాలపై పోస్టులు పెట్టడం వ్యాపారి పని కాదు. హోటలులోనే ఉండి, విమానం బయలుదేరుతున్నదని కంపెనీ నుంచి ధ్రువీకరణ వచ్చాకే కదలండి. కర్ఫ్యూ సడలింపు వేళలు రాయబార కార్యాలయానికి తెలుస్తాయి.

7. సరుకు అక్కడ చిక్కుకుపోతే

మొదటి రోజునే లెక్కించవలసింది డెమరేజీ, అంటే సరుకు గడువు దాటి రేవులో ఉన్నందుకు పడే రుసుము. రేవు ఉచితంగా ఇచ్చే రోజులు ఎన్ని, ఓడ కంపెనీ కంటైనరు అద్దె ఎప్పటి నుంచి మొదలవుతుందో ఫార్వర్డరును అడిగి రోజువారీ మొత్తం రాసుకోండి. కల్లోలం వల్ల ఆగిందని చెప్పి మాఫీ కోరుతూ ఓడ కంపెనీకి వెంటనే ఈమెయిలు పెట్టండి. 2024 జూలైలో ఇంటర్నెట్ లేక చట్టోగ్రామ్ కస్టమ్స్ పనులు ఆగిపోయాయి. ఇటువంటి సందర్భాల్లో మొత్తం మాఫీ రాకపోయినా, ముందుగా రాతలో అడిగినవారితోనే బేరం నడుస్తుంది.

సరుకును వేరొకరికి అమ్మాలన్నా, వెనక్కి తెప్పించాలన్నా బంగ్లాదేశ్ కస్టమ్స్ సాధారణంగా మొదటి దిగుమతిదారు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం అడుగుతుంది. డబ్బు కట్టలేని మనిషి ఆ పత్రాన్ని ధర తగ్గించమని బేరమాడడానికి వాడుకుంటాడు. అందుకే ఒప్పందంలోనే "ఇన్ని రోజుల్లో చెల్లించకపోతే అభ్యంతరం లేదన్న పత్రం ఇస్తాను" అని రాయించుకోవాలి. బిల్ ఆఫ్ లేడింగ్‌ను కొనుగోలుదారు పేరు మీద కాకుండా బ్యాంకు ఆర్డరు పేరు మీద తీసుకోవాలి. లారీ మీద పంపే సరుకుకు ఇంత పట్టు ఉండదు. లారీ రశీదు సరుకు మీద హక్కునిచ్చే పత్రం కాదు. అందుకే రోడ్డు మార్గంలో అడ్వాన్సు లేకుండా పంపకూడదని నా సలహా.

ఇక్కడ మన వైపు చేయవలసిన రాతపని కూడా ఉంది. ఈసీజీసీ పాలసీ ఉన్నవారు గడువు దాటి 30 రోజులైన బిల్లుల వివరాలను మరుసటి నెల 15వ తేదీలోగా తెలియజేయాలి. కొనుగోలుదారు నొచ్చుకుంటాడని ఈ నివేదికను ఆపితే క్లెయిము దెబ్బతింటుంది. ఎగుమతి సొమ్ము దేశంలోకి తెచ్చుకోవడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చే గడువు 9 నెలలు ఉండగా 2025 నవంబరులో దాన్ని 15 నెలలకు పెంచారు. ఆ గడువు కూడా సరిపోదని తెలిసినప్పుడు చివరి వారం దాకా ఆగకుండా, అక్కడి బ్యాంకు ఇచ్చిన లేఖను, పత్రికా ప్రకటనలను, మీరు పంపిన ఈమెయిళ్లను జతచేసి మీ బ్యాంకు ద్వారా పొడిగింపు కోరండి. కొనుగోలుదారు టాకాల్లోనో శ్రీలంక రూపాయల్లోనో తన బ్యాంకులో డబ్బు జమ చేసి, డాలర్లు మాత్రమే రావలసి ఉంటే, ఆ జమ రశీదు నకలు తప్పక తెప్పించుకోండి. ఆయన డబ్బు ఎగవేయలేదని, దేశంలో డాలర్లు లేకనే మీ బిల్లు ఆగిందని ఈసీజీసీ దగ్గర నిరూపించే కాగితం అదే.